అద్దె ఇంటి నుంచి సొంత ఫ్లాట్‌కి: టోకెన్ ఇచ్చేలోపు చేయాల్సిన పనులు

హైదరాబాద్‌లో అద్దెకుంటూ మొదటిసారి ఫ్లాట్ కొనేవాళ్ళలో చాలామంది పనిని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు ఫ్లాట్ నచ్చుతుంది. తూర్పు ఫేసింగ్, హాలు విశాలంగా ఉంది, పిల్లల స్కూలు దగ్గర. సాయంత్రానికి బ్రోకర్ ఫోన్ చేసి, "ఇంకో పార్టీ కూడా చూసి వెళ్ళింది సార్, రేపటికల్లా చెప్పండి" అంటాడు. ఆ రాత్రే లక్ష రూపాయలు టోకెన్ వెళ్ళిపోతుంది. డబ్బు లెక్క వేసుకోవడం, కాగితాలు చూపించుకోవడం ఆ తర్వాతే. అప్పటికి మనసు ఆ ఇంట్లో చేరిపోయి ఉంటుంది కాబట్టి, కాగితాల్లో తేడా కనిపించినా "అందరూ ఇలాగే కొంటున్నారు కదా" అని సరిపెట్టుకుంటారు.

మీరు ఆ వరస మార్చండి. టోకెన్ మీ చేతిలో ఉన్నంతసేపు ఏ ప్రశ్నైనా అడగొచ్చు, ఏ కాగితమైనా చూపించమనొచ్చు, నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా టోకెన్‌కు ముందు పనులే ఉన్నాయి. లెక్కలకి మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉదాహరణ తీసుకుందాం: 70 లక్షల రీసేల్ ఫ్లాట్, 50 లక్షల హోమ్ లోన్, ఇప్పుడు కడుతున్న అద్దె నెలకు 20 వేలు.

మొదటి పని: అసలు ఇప్పుడు కొనాలా?

"అద్దె కట్టే బదులు అదే డబ్బు ఈఎంఐ కట్టుకోవచ్చు కదా" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ అది అదే డబ్బు కాదు. 50 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుంటే ఈఎంఐ 43,391 రూపాయలు. మొదటి నెల కట్టిన ఆ మొత్తంలో 35,417 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 7,974. అద్దె తిరిగి రానట్టే వడ్డీ కూడా తిరిగి రాదు. కాబట్టి మీ 20 వేల అద్దెను పోల్చాల్సింది ఈఎంఐతో కాదు, ఆ 35 వేల వడ్డీతో. దానిమీద అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, ఆస్తి పన్ను, ఇప్పటిదాకా ఓనర్ చూసుకున్న రిపేర్లు కూడా కలపాలి.

లెక్క ఇలా ఉన్నా సొంత ఇల్లు కొనడానికి మంచి కారణాలు ఉన్నాయి. పదకొండు నెలలకోసారి అగ్రిమెంట్, అద్దె పెంపు, "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చేయండి" అనే మాట, వీటన్నిటి నుంచి బయటపడటం చిన్న విషయమేమీ కాదు. అయితే ఆ ఊళ్ళో, ఆ ఏరియాలో కనీసం ఆరేడేళ్ళు ఉంటామన్న నమ్మకం ఉండాలి. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం. 70 లక్షల మీద ఇది 5 లక్షల 25 వేలు. మీ అద్దె లెక్కన రెండేళ్ళకు పైగా కట్టే డబ్బు రిజిస్ట్రేషన్ రోజే ఖర్చయిపోతుంది. రెండు మూడేళ్ళలో బెంగళూరుకో, అమెరికాకో వెళ్ళే ఆలోచన ఉంటే అద్దెలోనే ఉండండి. అందులో చిన్నతనమేమీ లేదు.

రెండో పని: చేతిలో ఎంత ఉండాలి?

"ఇరవై శాతం మనది, మిగతాది బ్యాంకుది" అనే లెక్క సగమే నిజం. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 30 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. ఈ విలువలో స్టాంప్ డ్యూటీని, రిజిస్ట్రేషన్ ఖర్చును మామూలుగా కలపరు. అది మీ జేబులోంచే పోవాలి.

మన ఉదాహరణలో మార్జిన్, అంటే ధరలో లోన్ పోగా మీరు పెట్టాల్సిన వాటా, 20 లక్షలు; రిజిస్ట్రేషన్ 5.25 లక్షలు. బ్రోకర్‌కు ఒక శాతం అనుకుంటే 70 వేలు. బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, డాక్యుమెంట్ల డిపాజిట్ ఖర్చులు, డాక్యుమెంట్ రైటర్, అన్నీ కలిపి ఇంకో అరలక్ష పక్కన పెట్టుకోండి. పెయింటింగ్, వంటింటి ఉడ్‌వర్క్, కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గీజర్లు ఎంత పొదుపుగా చేయించినా మూడు లక్షలు తేలిగ్గా అవుతాయి. అంటే దగ్గర దగ్గర 30 లక్షలు. ఇవన్నీ పోగా ఆరు నెలల ఈఎంఐ, అంటే సుమారు 2 లక్షల 60 వేలు, ముట్టుకోకుండా బ్యాంకులో ఉండాలి. మార్జిన్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవాల్సి వస్తోందంటే ఆ బడ్జెట్ మీది కాదు. ఇంకో పది లక్షలు తక్కువ ఫ్లాట్ చూడండి, లేదా ఇంకో ఏడాది ఆగండి.

కట్టడం పూర్తికాని కొత్త ఫ్లాట్ అయితే దీనికి జీఎస్టీ తోడవుతుంది. 5 శాతం. ధర 45 లక్షల లోపు ఉండి, హైదరాబాద్‌లాంటి మెట్రోల్లో కార్పెట్ ఏరియా (ఇంటి లోపల నిజంగా వాడుకునే జాగా) 60 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) వచ్చేశాక కొంటే జీఎస్టీ ఉండదు. బిల్డర్ చెప్పే చదరపు అడుగు రేటు వినగానే లెక్క కట్టేయకండి. కార్ పార్కింగ్, క్లబ్ హౌస్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకు వేసే అదనపు రేటు), కార్పస్ ఫండ్ (అసోసియేషన్ దగ్గర ఉంచే నిధి), ఏడాది రెండేళ్ళ మెయింటెనెన్స్ అడ్వాన్సు, ఇవన్నీ కలిపిన కాస్ట్ షీట్ కాగితం మీద తీసుకోండి.

ఇక నెల నెలా మోయగలమా అనేది. దీనికి కాగితం మీద లెక్క చాలదు, చేసి చూడాలి. ఈఎంఐకీ ఇప్పటి అద్దెకీ తేడా 23 వేల చిల్లర. మెయింటెనెన్స్ కలిపి 27 వేలు అనుకోండి. ఆర్నెల్లపాటు జీతం పడిన మర్నాడే ఆ డబ్బును రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పండగ నెల, స్కూల్ ఫీజుల నెల, ఊళ్ళో పెళ్ళి ఉన్న నెల కూడా ఆపకుండా వేయగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్టే. మధ్యలో క్రెడిట్ కార్డు వాడి నెట్టుకొచ్చారంటే లోన్ మొత్తం తగ్గించుకోవాలి. ఈ ఆర్నెల్లలో జమ అయిన లక్షా అరవై వేలు మార్జిన్‌కి కలిసొస్తాయి.

భార్యాభర్తలిద్దరి జీతం కలిపి లోన్ అర్హత చూపించే ముందు ఒక్క విషయం మాట్లాడుకోండి: పిల్లల కోసమో, పెద్దవాళ్ళ ఆరోగ్యం కోసమో ఒకరు కొన్నాళ్ళు ఉద్యోగం మానాల్సి వస్తే? బ్యాంకు ఇస్తానన్నంతా తీసుకోవాలని ఎక్కడా లేదు.

ఇదే సమయంలో సిబిల్ రిపోర్ట్, అంటే మీ అప్పుల చరిత్ర, తీసి చూడండి. స్కోరు 750 దాటి ఉంటే వడ్డీ మీద కాస్త బేరమాడే వీలుంటుంది. ఎప్పుడో మూసేసిన కార్డు ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది. అది ఫ్లాట్ దొరికాక కాకుండా ఇప్పుడే చేయించుకోండి. వీలైతే రెండు బ్యాంకుల్లో ముందస్తు శాంక్షన్ అడగండి. ఎంత లోన్ వస్తుందో ముందే తెలిస్తే అంతకు మించిన ఫ్లాట్లు చూడటం మానేస్తారు.

మూడో పని: ఫ్లాట్ చూడటం

ఆదివారం పదకొండింటికి, ఓనర్ ఇల్లు సర్ది, ఏసీ వేసి ఉంచిన సమయంలో చూస్తే ఏ ఫ్లాటైనా బాగానే ఉంటుంది. నచ్చినదాన్ని మళ్ళీ పని రోజు పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్ళి చూడండి. అక్కడి నుంచి మీ ఆఫీసుకు ఆ టైమ్‌లోనే బండి మీద వెళ్ళి చూడండి. ఇంకోసారి మంచి వాన పడ్డ మర్నాడు వెళ్ళండి. సెల్లార్‌లో నీళ్ళు నిలిచాయా, రోడ్డు మునిగిందా, పై ఫ్లాట్ బాత్రూమ్ కింద మీ సీలింగ్ తడిగా ఉందా అన్నది ఆ రోజే తెలుస్తుంది. కొత్తగా పెయింట్ వేసిన గోడలో ఒక మూల మాత్రం పుట్టీ పొక్కి ఉంటే వేలితో నొక్కి చూడండి. పొడిలా రాలిందంటే లోపల చెమ్మ ఉంది.

నీళ్ళ గురించి ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. "ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వస్తాయి?" అంటే తడుముకోకుండా చెప్తాడు. బోర్లు ఎన్ని, మంజీరా (ప్రభుత్వ మంచినీటి) కనెక్షన్ ఉందా, వేసవిలో ఒక్కో ఫ్లాట్‌కి ట్యాంకర్ ఖర్చు ఎంత పడుతోంది, ఇవి మీ నెల ఖర్చును నేరుగా పెంచే విషయాలు. అసోసియేషన్ కోశాధికారిని కలిసి కార్పస్ ఎంత ఉంది, లిఫ్ట్ మార్చాలా, కోర్టు గొడవలేమైనా నడుస్తున్నాయా అడగండి. అయిదు నిమిషాల మాట.

ఏరియా విషయంలో మోసపోకుండా ఉండాలంటే టేపు తీసుకెళ్ళండి. ఇక్కడ ఫ్లాట్లు సూపర్ బిల్టప్ లెక్కన, అంటే గోడలు, మెట్లు, కారిడార్లలో వాటా కూడా కలిపి, అమ్ముతారు. 1,500 అడుగులు అన్న ఫ్లాట్‌లో మీరు నిజంగా నడిచే జాగా 1,050 నుంచి 1,100 మధ్యే ఉండొచ్చు. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు మొత్తం ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి. చవకనుకున్నది చాలాసార్లు ఖరీదైనదని తేలుతుంది. అలాగే యూడీఎస్, అంటే భూమిలో మీకొచ్చే అవిభాజ్య వాటా, ఎన్ని గజాలో అడగండి. 500 గజాల్లో 15 ఫ్లాట్లు కడితే సగటున ఒక్కోదానికి 33 గజాలు. బిల్డింగ్ పాతబడేకొద్దీ గోడల విలువ తగ్గుతుంది, నిలబడేది ఆ గజాల విలువే.

ప్రీ లాంచ్ గురించి గట్టిగా చెప్పాలి. "పర్మిషన్లు వచ్చేలోపు మొత్తం కట్టేస్తే సగం రేటుకే" అనే ఆఫర్లు హైదరాబాద్ చుట్టూ ఎన్నో కుటుంబాల జీవితకాలపు పొదుపును మింగేశాయి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టును ప్రకటించడం, బుక్ చేయడం, అమ్మడం కూడా నేరం. 500 చదరపు మీటర్లకు మించిన స్థలం గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లు గానీ ఉంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొడితే నంబరు, ఆమోదించిన ప్లాన్, పూర్తి చేస్తామన్న తేదీ, అన్నీ కనిపిస్తాయి. అక్కడ లేకపోతే ఎంత తక్కువ ధరైనా, చెప్పినవాళ్ళు ఎంత దగ్గరి బంధువులైనా, డబ్బు ఇవ్వకండి. తెలంగాణలో 2017 జనవరి 1 కంటే ముందు అనుమతి పొందిన బిల్డింగులు రెరా కిందికి రావు. అలాంటి పాత ఫ్లాట్ కొనేటప్పుడు రెరా నంబరు లేదని కంగారు పడక్కర్లేదు. మిగతా కాగితాలు మాత్రం అంతకంటే జాగ్రత్తగా చూడాలి.

నాలుగో పని: కాగితాలు

తొందర పనికిరానిది ఇక్కడే. ఓనర్ దగ్గర డాక్యుమెంట్ల జిరాక్స్ సెట్ అడగండి. "టోకెన్ ఇస్తే ఇస్తాం" అంటే, "చూసి ఇస్తాం" అని మర్యాదగా చెప్పండి. నిజంగా అమ్మదలచినవాళ్ళు ఇస్తారు.

మొదట ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల జాబితా ఉండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఇప్పటిదాకా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఫ్లాట్ నంబరు మీద ఒకటి, బిల్డింగ్ నిలబడ్డ భూమి సర్వే నంబరు లేదా ప్లాట్ నంబరు మీద ఇంకొకటి తీయండి. ఫ్లాట్ ఈసీ బిల్డింగ్ కట్టినప్పటి నుంచే ఉంటుంది. గొడవలు సాధారణంగా దానికి ముందరి భూమిలో ఉంటాయి. ఈసీలో ప్రతి ఎంట్రీలో ఎవరు రాసిచ్చారు, ఎవరు రాయించుకున్నారు అనేవి ఈఎక్స్, సీఎల్ అన్న అక్షరాలతో ఉంటాయి. ఒక తెల్లకాగితం తీసుకుని పాత తేదీ నుంచి వరసగా రాయండి: ఫలానా వ్యక్తి నుంచి ఫలానా వ్యక్తికి, ఏ సంవత్సరం, డాక్యుమెంట్ నంబరెంత. ఒక అమ్మకంలో రాయించుకున్న మనిషే తర్వాతి అమ్మకంలో రాసిచ్చిన మనిషి కావాలి. ఎక్కడైనా సంబంధం లేని పేరు మధ్యలో వస్తే ఆ లింక్ డాక్యుమెంట్ అడగండి. ఎక్కడైనా తనఖా ఎంట్రీ ఉంటే, ఆ తర్వాత దాన్ని రద్దు చేసిన ఎంట్రీ ఉందో లేదో చూడండి. లేదంటే లోన్ ఇంకా ఉన్నట్టు, లేదా కట్టేసి కాగితం చేయించుకోనట్టు. రెండింటిలో ఏదైనా మీరు కొనేలోపు తేలాలి. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్టర్‌లో కొద్దిపాటి ఫీజుతో ఆ ఆస్తి మీద బ్యాంకు తనఖా ఉందేమో వెతకొచ్చు.

ఈసీలో కోర్టు కేసులు కనిపించవు. నోటరీ చేసిన పాత అగ్రిమెంట్లూ కనిపించవు. ఈ-కోర్ట్స్ సైట్‌లో ఓనర్ పేరు, బిల్డర్ పేరు, భూమి ఓనర్ పేరు పెట్టి వెతకండి.

భూమి పూర్వీకుల నుంచి వచ్చిందైతే కుటుంబంలో ఎవరెవరు సంతకాలు పెట్టారో చూడాలి. ముఖ్యంగా ఆడపిల్లలు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. "చెల్లెలికి పెళ్ళిలో ఇచ్చేశాం" అన్న మాటతో హక్కు పోదు. సంతకం లేకపోతే మీ లాయర్‌ని అడిగాకే ముందుకు వెళ్ళండి.

ఇక హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించే సంగతి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్. స్థలం ఒకరిది, కట్టింది ఇంకొకరు. ఫ్లాట్లు ఇద్దరూ పంచుకుంటారు. మీరు కొనే ఫ్లాట్ బిల్డర్ వాటాదా, ల్యాండ్ ఓనర్ వాటాదా అన్నది రిజిస్టరైన సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో ఫ్లాట్ నంబరుతో సహా ఉండాలి. అది చూడకుండా బిల్డర్‌కు డబ్బు కడితే, రేపు ల్యాండ్ ఓనర్ కొడుకు వచ్చి "302 మాది" అనొచ్చు. జనరల్ పవరాఫ్ అటార్నీతో జరిగిన అమ్మకాల వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కాబట్టి మీకు అమ్మే మనిషి పేరు మీద రిజిస్టర్డ్ సేల్ డీడ్ ఉందో లేదో చూడండి.

తర్వాత మున్సిపల్ అనుమతి. ఆమోదించిన ప్లాన్ కాపీ పట్టుకుని రోడ్డు మీద నిలబడి అంతస్తులు లెక్కపెట్టండి. ప్లాన్‌లో స్టిల్ట్ (పార్కింగ్‌కు వదిలిన కింది భాగం) ప్లస్ ఐదు అని ఉండి పైన ఆరోది కనిపిస్తుంటే, ఆ పెంట్‌హౌస్ అనుమతి లేనిది. మీది మూడో అంతస్తే అయినా ఓసీ రావడంలో ఆ అదనపు అంతస్తు అడ్డవుతుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు: బిల్డర్ ప్లాన్ ప్రకారం కడతాడన్న హామీగా మున్సిపాలిటీ బిల్టప్ ఏరియాలో పది శాతం తనఖా పెట్టుకుంటుంది. ఓసీ ఇచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. అనుమతి పత్రంలో ఏ భాగం తనఖాలో ఉందో రాసి ఉంటుంది. మీరు కొనే ఫ్లాట్ అందులో ఉందేమో చూడండి.

నిషేధిత జాబితా, అంటే 22-ఏ, కూడా రిజిస్ట్రేషన్ సైట్‌లోనే చూడొచ్చు. అసైన్డ్ భూములు, వక్ఫ్, దేవాదాయ భూములు అందులో ఉంటాయి. చెరువు దగ్గరి ఫ్లాట్ అయితే హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు వచ్చే హద్దు, ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. 2024లో చెరువుల ఆక్రమణలను కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ గీత ఎంత ముఖ్యమో నగరమంతా చూసింది. "లేక్ వ్యూ" అని ఎక్కువ ధర చెప్పే ఫ్లాట్‌కి ఈ పరిశీలన మొదట చేయాలి.

ఇవన్నీ మీరు చూశాక కూడా సొంత లాయర్‌కి చూపించండి. బ్యాంకు లాయర్ చూస్తాడు కదా అని ఊరుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు డబ్బు భద్రత. 70 లక్షల మీద పది పదిహేను వేల ఫీజుకి వెనకాడటం నాకు ఏమాత్రం సబబు అనిపించదు.

ఐదో పని: టోకెన్, అగ్రిమెంట్

ఇప్పుడు టోకెన్ ఇవ్వండి. చిన్న మొత్తం, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా, "ఫలానా ఫ్లాట్ అడ్వాన్స్" అని రసీదు రాయించుకుని. రెండు మూడు వారాల్లో అగ్రిమెంట్ ఆఫ్ సేల్ రాసుకోండి. అందులో మూడు వాక్యాలు స్పష్టంగా ఉండాలి: బ్యాంకు లోన్ రాకపోతే అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఇస్తారు, టైటిల్‌లో లోపం తేలితే కూడా ఇస్తారు, రిజిస్ట్రేషన్ నాటికి మెయింటెనెన్స్, కరెంటు, ఆస్తి పన్ను బకాయిలన్నీ అమ్మేవాళ్ళే కడతారు. ఏసీలు, మాడ్యులర్ కిచెన్, సోఫాలు ఇంట్లో ఉంటాయంటే ఆ జాబితా కూడా రాయండి. బిల్డర్ దగ్గరైతే రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోవడానికి రెరా చట్టం ఒప్పుకోదు.

కొందరు పదిహేను, ఇరవై లక్షలు క్యాష్‌గా అడుగుతారు. వద్దు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. మీకు నష్టం ఇంకా ఉంది: డాక్యుమెంట్‌లో ధర తగ్గితే లోన్ తగ్గుతుంది, రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనిపించి పన్ను పడుతుంది, మధ్యలో బేరం చెడితే ఆ క్యాష్ ఇచ్చినట్టు రుజువే ఉండదు.

ఆరో పని: లోన్

వడ్డీ రేటు ఒక్కటే చూసి బ్యాంకు ఎంచుకోవద్దు. బ్యాంకులో ఫ్లోటింగ్ రేటు అయితే అది రెపో (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) లాంటి బయటి ప్రమాణానికి ముడిపడి ఉంటుంది. దానిమీద బ్యాంకు అదనంగా వేసే శాతం, అంటే స్ప్రెడ్, ఎంతో అడిగి రాయించుకోండి. ఫ్లోటింగ్ హోమ్ లోన్‌ను ముందే కట్టేస్తే వ్యక్తులకు పెనాల్టీ ఉండదు. దీన్ని బాగా వాడుకోండి. ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టుకుంటూ పోతే మన 20 ఏళ్ళ లోన్ దాదాపు మూడున్నరేళ్ళు ముందే తీరిపోతుంది. బోనస్ వచ్చిన నెల ఆ పని చేయండి.

లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ తప్పనిసరి అన్నట్టు మాట్లాడి సింగిల్ ప్రీమియం లోన్‌లోనే కలిపేస్తుంటారు. ఫలానా పాలసీయే కొనాలన్న నిబంధన లేదు. లోన్ మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటే సాధారణంగా చవక. ఆ పాలసీ మాత్రం తప్పకుండా ఉండాలి. పన్ను మినహాయింపు కోసమే కొంటున్నామనుకునేవాళ్ళు గమనించాలి: పాత విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో అది లేదు.

అద్దెకిచ్చే ఉద్దేశంతో, పెట్టుబడిగా కొంటున్నారా? 70 లక్షల ఫ్లాట్‌కి నెలకు 20 వేలు వస్తే ఏడాదికి 2.4 లక్షలు, అంటే మూడున్నర శాతం లోపే. మెయింటెనెన్స్, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే ఇంకా తక్కువ. 8.5 శాతం వడ్డీకి అప్పు చేసి ఆ రాబడి కోసం కొనడం నేనైతే సమర్థించను. స్థలం వైపు చూస్తే హెచ్‌ఎండీఏ, డీటీసీపీ లాంటి ప్రభుత్వ ప్రణాళికా సంస్థల ఫైనల్ లేఅవుట్ అనుమతి ఉన్నవే చూడండి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల జోలికి వెళ్ళకండి. అది వ్యవసాయ భూమి, అక్కడ ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు.

ఏడో పని: రిజిస్ట్రేషన్

ఇంటి ధర 50 లక్షలు లేదా అంతకు మించితే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ తరఫున ముందే పట్టుకునే పన్ను) కొనేవాళ్ళే పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మన లెక్కలో 70 వేలు. అమ్మేవాళ్ళకు చేరేది 69 లక్షల 30 వేలు. మీ పాన్‌తో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోనే కట్టొచ్చు. పట్టుకున్న నెల ముగిశాక 30 రోజుల్లో కట్టేయాలి. ఇద్దరు కొంటూ ఇద్దరు అమ్ముతుంటే ప్రతి జంటకూ విడిగా ఫారం నింపాలి. అమ్మే మనిషి ఎన్నారై అయితే ఈ ఒక శాతం వర్తించదు, రేటు చాలా ఎక్కువ ఉంటుంది. ఆ పరిస్థితిలో చార్టర్డ్ అకౌంటెంట్‌ను అడగకుండా ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

డ్రాఫ్ట్ సేల్ డీడ్‌ను ముందురోజే తెప్పించుకుని ఇంట్లో ఇద్దరూ గట్టిగా చదవండి. పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఫ్లాట్ నంబరు, అంతస్తు, యూడీఎస్ గజాలు, నాలుగు దిక్కుల హద్దులు, పార్కింగ్ నంబరు సరిగ్గా పడ్డాయా చూడండి. పార్కింగ్ తరచూ వదిలేస్తారు. తర్వాత సరిచేయాలంటే రెక్టిఫికేషన్ డీడ్ రాయాలి, దానికి అమ్మినవాళ్ళు మళ్ళీ ఆఫీసుకి రావాలి. స్లాట్ బుక్ చేసుకుని, ఇద్దరు సాక్షులతో, ఒరిజినల్ ఆధార్, పాన్‌తో వెళ్ళండి. రీసేల్ ఫ్లాట్ మీద పాత లోన్ ఉంటే మీ బ్యాంకు ఆ బ్యాంకుకు నేరుగా డీడీ ఇచ్చి ఒరిజినల్స్ తీసుకునేలా ఏర్పాటు ఉండాలి. "మీరు డబ్బివ్వండి, నేను కట్టి తెస్తాను" అంటే ఒప్పుకోవద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో కొంటున్నా మొత్తం 7.5 శాతమే. విభజన మాత్రం వేరు: స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1. రెరా సైట్, రిజిస్ట్రేషన్ శాఖ సైట్ అక్కడివే చూడాలి.

ఎనిమిదో పని: అద్దె ఇల్లు ఖాళీ చేయడం

గృహప్రవేశం ముహూర్తం రిజిస్ట్రేషన్ అయ్యాకే పెట్టించుకోండి. ఆషాఢం వచ్చేస్తోంది, మూఢం వస్తోంది అని ముందే తేదీ ఖాయం చేసుకుంటే, ఆ తేదీ అమ్మేవాళ్ళకు తెలిశాక బకాయిల మీద బేరమాడే బలం మీకు ఉండదు. ఇప్పటి ఓనర్‌కు నోటీసు కూడా తాళాలు మీ చేతికొచ్చాకే ఇవ్వండి. పెయింటింగ్, ఉడ్‌వర్క్ అనుకున్నదానికంటే ఆలస్యమవుతాయి, ఒక నెల అద్దె, ఈఎంఐ రెండూ కట్టేలా లెక్క వేసుకోండి. ఖాళీ చేసే రోజు గోడలు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు ఫోన్‌లో వీడియో తీసి, కరెంటు బిల్లు కట్టిన రసీదుతో పాటు ఓనర్‌కు పంపండి. అడ్వాన్స్‌లో పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లో ఉన్నదాన్ని బట్టే మాట్లాడండి.

కొత్త ఇంట్లో చేరిన మొదటి నెలలో ఆస్తి పన్ను రికార్డులో, కరెంటు కనెక్షన్‌లో, నీటి కనెక్షన్‌లో, అసోసియేషన్ పుస్తకంలో పేరు మార్పించుకోండి. బ్యాంకుకు అప్పగించిన ప్రతి ఒరిజినల్ డాక్యుమెంట్ జాబితా బ్యాంకు ముద్రతో తీసుకుని, స్కాన్ చేసి, ఇంట్లో ఇద్దరికీ తెలిసిన చోట పెట్టండి. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆ కాగితాలు తిరిగి ఇవ్వాలి, తన తప్పు వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి అని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆ రోజు బ్యాంకు కౌంటర్‌లో మీరు చూపించాల్సింది ఈ ముద్ర వేసిన జాబితానే.